వెంట్రుకవాసి మామ, నాలుగు నల్ల బోల్టులు

మా మామ తల మీద ఒక్క వెంట్రుక లేదు. అయినా డెయిరీలో అందరూ ఆయన్ని వెంట్రుకవాసి అనే పిలుస్తారు. ఏ నట్టు బిగించినా, ఏ బెల్టు లాగినా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే: "ఇంకో వెంట్రుకవాసి." ఆ వెంట్రుక ఎంత లావుంటుందో, ఎవరి తల నుంచి తీసుకున్నదో ఎవరికీ తెలియదు. అడిగితే తన చేతికి తెలుసంటాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నూట నలభై ఆవులున్న డెయిరీలో మెకానిక్కు. పాలు పితికే మిషన్లు, నీళ్ళ మోటార్లు, ట్రాక్టర్లు, అన్నీ ఆయన చేతి కిందే. వాటన్నిటిలోకీ పెద్దది కోతబండి. ఏడాదికి ఆరు రోజులు పనిచేసి మిగతా రోజులన్నీ షెడ్డులో నిద్రపోయే మహారాణి అది. పచ్చి మొక్కజొన్నను కంకులతో సహా మొదలంటా కోసి, గోరంత ముక్కలు చేసి, పక్కనే నడిచే ట్రాలీలోకి చిమ్ముతుంది. ఆ ముక్కల్ని సిమెంటు గుంతలో పోసి, గాలి చొరబడకుండా ట్రాక్టరుతో తొక్కి, పైన పట్టా కప్పి, పట్టా ఎగిరిపోకుండా పాత టైర్లు పేరుస్తాం. నెలన్నరకి అది పులిసి పాతర గడ్డి అవుతుంది. ఆవులు ఏడాది పొడుగునా తినేది అదే. తొక్కే ట్రాక్టరు నాది. చేతికి దొరికిన పుస్తకమల్లా చదివి చివరికి నేను చేరుకున్న పదవి గడ్డి మీద ముందుకీ వెనక్కీ తిరగడం. దాని గురించి ఇంతకు మించి చెప్పను. ఇది మామ కథ.

మామా అత్తా షెడ్డు వెనక రెండు గదుల్లో ఉంటారు. ముందు గదిలో అత్త కుట్టు మిషను, బట్టలు కత్తిరించే బల్ల. వెనక గదిలో మంచం, పొయ్యి. మంచానికీ గోడకీ మధ్య సందు రెండు చివరలా ఒకేలా ఉందో లేదో మామ స్కేలు పెట్టి చూస్తే గాని నడుం వాల్చడు. టీలో వేసే చక్కెర కూడా చెంచా మీద స్కేలుతో చదును చేస్తాడు. తలుపు కిర్రుమంటే భోజనం మధ్యలో లేచి వెళ్ళి నూనె వేసి వస్తాడు. అత్త దర్జీ. ఆమెదీ కొలతల బతుకే గాని, ఆమె కొలుస్తుంది, కుడుతుంది, మరిచిపోతుంది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. నేల మీద పడ్డ సూదులు ఏరడానికి గుర్రపు నాడా ఆకారంలో ఒక అయస్కాంతం ఆమె కుట్టు సంచిలో ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరి కాల్లోనూ సూది దిగలేదంటే దాని చలవే.

మామ జన్మలో ఎన్నడూ అనని మాట ఒకటుంది. "తప్పు నాది" అనే మాట. నిచ్చెన మీంచి పడితే నిచ్చెనది తప్పు. చొక్కా తిరగేసి తొడుక్కుంటే కుట్టిన దర్జీది తప్పు. ఆ దర్జీ ఎదురుగా నిలబడి చూస్తున్నా సరే. ఒకసారి ఎవరో మంచాన పడ్డారని విని పలకరించడానికి వెళ్ళాడు. అరగంట కూర్చుని, టీ తాగి, పెద్దాయన ఎక్కడ పడుకున్నారని అడిగాడు. ఆ ఇంట్లో జబ్బు మనిషే లేడు. ఆయన వెళ్ళాల్సింది పక్కింటికి. బయటికొచ్చాక, వాళ్ళు అందరూ అంత ఆరోగ్యంగా ఉండి కూడా చివరిదాకా తనతో ఒక్క మాట చెప్పలేదని వారం రోజులు తిట్టుకున్నాడు.

ఇక అసలు సంగతి. కోతకి ఒక రోజు ముందు డెయిరీ యజమాని అమ్మగారు షెడ్డుకి వచ్చారు. ఆవిడ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుంటారు, మాటలు పొదుపుగా వాడతారు. చేతిలో విరిచిన కంకి ఉంది. గింజ లోపల పాలు గట్టిపడుతూ పైనుంచి ఒక గీతలా దిగుతాయి. ఆ గీత సగానికి వచ్చింది. అంటే చేను కోతకి సరిగ్గా సిద్ధం. ఇంకో మూడు రోజులు దాటితే ఎండిపోతుంది, ఎండిన ముక్క గుంతలో అణగదు, అణగనిది బూజు పడుతుంది. కిందటేడు బండి మధ్యలో రెండు రోజులు మొరాయించి గుంతలో ఒక మూలంతా బూజు పట్టిన సంగతి ఆవిడ మరిచిపోలేదు. కంపెనీ వాళ్ళ మెకానిక్కు ఫోన్ చేసి, తామే వచ్చి బండిని కోతకి సిద్ధం చేస్తామన్నాడట.

మామ పానా కింద పెట్టి, పందొమ్మిదేళ్ళుగా ఈ బండిని సిద్ధం చేస్తున్నది తానేనని, కంపెనీ మనిషికి దీని పళ్ళు ఎన్నో కూడా తెలియవని అన్నాడు.

అమ్మగారు కంకిని బండి మీద పెట్టారు. "రేపు పొద్దు వాలేలోపు బండి చేలో నడవాలి. నడవకపోతే అతన్ని పిలుస్తాను. షెడ్డు తాళాలు కూడా అతనికే ఇచ్చేస్తాను. నువ్వు గుంత మీద టైర్లు పేర్చుకుందువు గాని."

ఆ తాళాల గుత్తి మామ మొలకి పందొమ్మిదేళ్ళుగా వేలాడుతోంది. ఆయన నడిస్తే ముందు ఆ చప్పుడు వస్తుంది, తరవాత ఆయన వస్తాడు. అమ్మగారు వెళ్ళాక మామ గుత్తిని చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. చప్పుడు లేకుండా మామను చూడడం నాకదే మొదటిసారి.

ఆ రోజంతా ఆయన బండి కింద, బండి మీద, బండి లోపల గడిపాడు. ముందు ఎలుకల గూడు తీశాడు. సీట్లోని దూది పీకి అవి మేతను లోపలికి లాగే రోలర్ల మధ్య పరుపు వేసుకున్నాయి. మామ ఆ గూడు చూసి నాలుగు పక్కలా మందం సమానంగా ఉందని మెచ్చుకుని, అప్పుడు పారేశాడు. తరవాత డ్రమ్ము మీది కత్తులకి సాన పట్టాడు. కత్తులకి ఎదురుగా ఒక అడ్డపట్టీ ఉంటుంది. కత్తెరకి రెండో రెక్క లాంటిది. రెంటి మధ్య సందు ఎంత సన్నగా ఉంటే ముక్క అంత నున్నగా తెగుతుంది. రెండూ ఆనుకున్నాయో, కత్తులు పోయినట్టే.

ఆ సందు కొలవడానికి సన్నటి ఉక్కు రేకులు ఉంటాయి. మామ వాటిని నమ్మడు. సందులో కాగితం పెట్టి, డ్రమ్మును చేత్తో తిప్పి, కాగితం చప్పుడు కాకుండా తెగితే సరిపోయినట్టు. ఆ కాగితం బండితో వచ్చిన పుస్తకంలోదే అయి ఉండాలి. ఆ మందం బండికి అలవాటట. పందొమ్మిది కోతల్లో పుస్తకం సగమైంది. చదవడానికి ఇంకేమీ దొరకని రోజుల్లో ఆ మిగిలిన సగాన్ని నేను మూడుసార్లు చదివాను. అందులో నలభై ఒకటో పేజీ "కాబట్టి మామూలు బోల్టులు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు" అని మొదలవుతుంది. ఎందుకు కాబట్టో, ఎక్కడి బోల్టులో నలభయ్యో పేజీలో ఉండేది. నలభయ్యో పేజీ ఉన్న కాగితం నేను రాకముందే ముక్కలైంది. పుస్తకం చించుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ మాటే అంటే మామ, తను చదవని పేజీలే చించుతున్నానని ఓదార్చాడు. ఆయన చదవని పేజీలంటే అట్ట నుంచి అట్ట దాకా.

చివరి పని పై రోలరు. దానికి బిగించిన పళ్ళపట్టీ వదులైంది. నాలుగు బోల్టులు విప్పి పట్టీ సర్దాలి. విప్పుతుంటే ఒక బోల్టు జారి బండి పొట్టలో పడింది. మామ అత్త దగ్గర్నుంచి అయస్కాంతం తెప్పించి, దారం కట్టి లోపలికి దించాడు. అయస్కాంతం బోల్టు మీద వాలింది, అటు దొర్లింది, ఇటు దొర్లింది, ఖాళీగా పైకి వచ్చింది. అలా పదిసార్లు దించాక మామ భుజం దాకా చెయ్యి దూర్చి వేళ్ళతోనే తీశాడు. తీసి అయస్కాంతానికి ఆనించి చూశాడు. అంటుకోలేదు. మిగతా మూడూ అంతే. తళతళా మెరుస్తున్నాయి గాని ఒక్కటీ అంటుకోవు.

మామ మొహం కందగడ్డలా అయింది. అయస్కాంతానికి అంటనిది అసలు ఇనుమే కాదని, కంపెనీ ఇన్నేళ్ళుగా నకిలీ సరుకు అంటగట్టిందని, ఇలాంటి వాళ్ళా తనకి పాఠాలు చెప్పేదని, ఒక పావుగంట బండిని తిట్టాడు. తరవాత తన బిస్కట్ల డబ్బా తెరిచి, అందులోంచి నాలుగు నల్లటి ఇనుప బోల్టులు ఏరి, ఒక్కొక్కటీ అయస్కాంతానికి టక్కున అంటుకున్నాక తృప్తిగా తల ఊపి, వాటితో పట్టీ బిగించాడు. ఇంకో వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి. మెరిసే నాలుగూ అత్తకి ఇచ్చి, నీకు నగలు తెచ్చానన్నాడు. అత్త వాటిని కత్తిరింపు బల్ల మీద నమూనా కాగితాలు ఎగిరిపోకుండా నాలుగు మూలలా పెట్టుకుంది.

మామ రోలరును చేత్తో నాలుగు చుట్లు తిప్పాడు. వెన్నలా తిరిగింది. బండి సిద్ధం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చేలోకి దిగాం. బండి నడిపేవాణ్ణి అందరూ స్టీలుపన్ను అంటారు, ముందు పన్ను ఒకటి స్టీలుది కాబట్టి. డెయిరీలో వాడంత మాటకారి లేడు. బండి ఎక్కుతూ మొదలుపెట్టిన మాట దిగేటప్పుడు పూర్తి చేస్తాడు. పాలు పితికేవాళ్ళు నలుగురు ట్రాలీల దగ్గర ఉన్నారు. అమ్మగారు గట్టు మీద నిలబడ్డారు. బండి చేలోకి నోరు పెట్టింది. మొక్కలు వరసగా లోపలికి వంగాయి, గొట్టంలోంచి ఆకుపచ్చ ముక్కలు ట్రాలీలోకి ఎగిరాయి. మామ గుప్పెడు ముక్కలు పట్టి పిండి చూశాడు. నీళ్ళు కారలేదు, చెయ్యి తెరిస్తే ఉండ మెల్లగా విడిపోయింది. సరిగ్గా ఉండాల్సినట్టే. అమ్మగారి వైపు చూసి మీసం మీద చెయ్యి వెయ్యబోయాడు. అంతలో బండి కూతపెట్టి ఆగిపోయింది. స్టీలుపన్ను ముందున్న తెర మీద ఎర్రదీపం వెలిగింది.

బండి నోట్లో ఒక కాపలా పరికరం ఉంటుంది. మొక్కలతో పాటు ఇనుప ముక్క ఏదైనా వస్తే పసిగట్టి రోలర్లను అక్కడికక్కడే ఆపేస్తుంది. లేకపోతే కత్తులు విరుగుతాయి. అంతకన్నా ఘోరం, తీగముక్క మేతలో కలిసి ఆవు కడుపులోకి పోతే ఆవు దక్కదు. అందుకని ఎర్రదీపం వెలిగితే నవ్వులాట కాదు. స్టీలుపన్ను రోలర్లను వెనక్కి తిప్పాడు. బండి నమిలిందంతా నేల మీదికి ఉమ్మింది. ఆ కుప్పను మేమందరం వేళ్ళతో గాలించాం. ఏమీ లేదు. మళ్ళీ నడిపాడు. కాస్త దూరం పోయి మళ్ళీ కూత, మళ్ళీ ఎర్రదీపం, మళ్ళీ కుప్ప.

నాలుగోసారికి మామ తీర్పు చెప్పాడు. బండిలో లోపం లేదు. చేనంతా ఇనుముంది.

మామ ముందు మమ్మల్నే అనుమానించాడు. కుప్పల్ని గాలించేటప్పుడు మా ఒంటి మీద ఉన్న ఇనుమే వాటిలో రాలుతోందని ఆయన వాదన. ప్లాస్టిక్ బకెట్టు ఒకటి తెప్పించి అందరినీ వరసలో నిలబెట్టాడు. గడియారాలు, తాళం చెవులు, పిన్నీసులు, జడపిన్నులు, బెల్టులు, చాకులు, ఫోన్లు, అన్నీ బకెట్లో పడ్డాయి. బెల్టులు తీసినవాళ్ళు ప్యాంట్లకి గడ్డిమోపుల తాళ్ళు కట్టుకున్నారు. నా ప్యాంటుకి తాడు చాలక ఒక చేత్తో పట్టుకునే వెతికాను. అమ్మగారు కూడా చేతి గడియారం ఇచ్చారు. మామ వెళ్ళక నిలబడ్డాడు. ఆవిడ కళ్ళద్దాల ఫ్రేము కూడా స్టీలుదే మరి. అదీ బకెట్లో పడింది. ఆ తరవాత ఆవిడ చేలోకి దిగి, పని చెయ్యకుండా నిలబడ్డావేమని స్టీలుపన్నును రెండు నిమిషాలు కోప్పడ్డారు. అది స్టీలుపన్ను కాదు, మొక్కజొన్న మొక్క. వాడి కంటే అదే వినయంగా విన్నదని తరవాత అందరం ఒప్పుకున్నాం.

వెతికితే ఇనుము దొరక్కపోలేదు. కొస విరిగిన కొడవలి, తలుపు కీలు, చెంచా, ఆవు మెడగొలుసు లంకె ఒకటి. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా మామ దొంగ దొరికాడని ప్రకటించి బండి నడపమనేవాడు. బండి కాస్త దూరం పోయి ఆగేది. ఎనిమిదోసారి ఆగాక మామ చూపు స్టీలుపన్ను పన్ను మీద నిలిచింది.

వాడికి విషయం అర్థమై రెండు అడుగులు వెనక్కి వేశాడు. పన్ను ఊడదీసి బకెట్లో వెయ్యడం కుదరదని, అది దవడకి పాతేశారని చెప్పుకున్నాడు. మామ చాలాసేపు ఆలోచించి, సరే, అయితే నోరు మూసుకుని నడపమన్నాడు. పెదవులు తెరుచుకుంటే పన్ను జాడ బండికి తెలుస్తుందట. ఇందులో బుద్ధి ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. వాడు నోరు మూసుకుంటే చాలునని పాలు పితికేవాళ్ళు ఏళ్ళ తరబడి అనుకుంటున్నారు. స్టీలుపన్ను పెదవులు బిగించి బండెక్కాడు. బండి కాస్త దూరం పోయి ఆగింది. దిగొచ్చి చేతులతో ఏదో చెప్పాడు. నోరు మాత్రం తెరవలేదు. మామ తెరవమంటే గదా.

మధ్యాహ్నమైంది. అమ్మగారు గట్టెక్కి, బకెట్లోంచి తన ఫోను తీసిమ్మని అడిగారు. ఎవరికి చేస్తారో అందరికీ తెలుసు. మామ కొంచెం సేపు ఆగమన్నాడు. పొద్దు వాలేదాకా గడువిచ్చారు కదా అన్నాడు. ఆ గొంతులో వెంట్రుకవాసి వణుకు ఉంది.

అప్పుడే అత్త భోజనం క్యారేజీ తీసుకుని వచ్చింది. మామ పరుగెత్తుకెళ్ళి క్యారేజీని చేనుకి యాభై అంగల దూరంలోనే ఆపేశాడు. అది స్టీలుది. అత్త క్యారేజీ అక్కడే పెట్టి, కుట్టు సంచి భుజానేసుకుని గట్టు మీదికొచ్చి, తాళ్ళు కట్టుకున్న మమ్మల్నీ, బకెట్టునీ, పెదవులు బిగించిన స్టీలుపన్నునీ ఒకసారి చూసింది. తరవాత కోసిన వరస వెంట చూసింది. బండి ఉమ్మిన కుప్పలు వరసగా ఉన్నాయి, మధ్యలో ఖాళీ, మళ్ళీ కుప్ప. ఆమె మొదటి కుప్ప దగ్గర నుంచి నడక మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. చివరి కుప్ప దాకా నడిచి వెనక్కి వచ్చింది.

"ఏవండీ, ప్రతిదానికీ మధ్య ఇరవై అంగలే ఉంది," అంది. "కాజాలు కుట్టినట్టు. ఇంత కొలత పెట్టి చేలో ఇనుము నాటిందెవరు?"

మామ, ఇది బట్ట కాదు, బండి అన్నాడు. భోజనం చల్లారిపోతుందని కూడా అన్నాడు. అత్త అక్కడి నుంచి కదల్లేదు. చేలో ఉన్న ఇనుమైతే ఎక్కడ పడితే అక్కడ దొరకాలి, కొలతగా ఆగుతోందంటే ఆ కొలత బండిలోనే ఉండాలి అంది. అని, సంచిలోంచి అయస్కాంతం తీసింది. దాన్ని చూడగానే నాకు ముందురోజు గుర్తొచ్చింది. మామకి కూడా గుర్తొచ్చే ఉంటుంది. ఆయన కళ్ళు అయస్కాంతం మీంచి బండి మీదికి, బండి మీంచి నేల మీదికి దిగాయి.

బండి నోట్లో చెయ్యి పెట్టేముందు ఇంజను ఆపి, తాళం తీసి తన జేబులో వేసుకోవడం మామ నియమం. అన్ని చక్రాలూ నిలిచిపోయేదాకా నించుంటాడు కూడా. ఆ రోజూ అలాగే చేశాడు, కాకపోతే చాలా మెల్లగా. మిగతా వాళ్ళు గట్టు మీద తిండి దగ్గర ఉన్నారు. బండి ముందు ఉన్నది మేం ముగ్గురమే. అత్త వంగి అయస్కాంతాన్ని పై రోలరు వెంట జరిపింది. రోలరు మీద ఎక్కడా అంటుకోలేదు. పళ్ళపట్టీ మీదా అంటుకోలేదు. మొదటి నల్ల బోల్టు దగ్గరికి రాగానే టక్కుమంది. తరవాత ఇంకో మూడు టక్కులు.

నాకు నలభై ఒకటో పేజీ కళ్ళ ముందు నిలబడింది. కాబట్టి మామూలు బోల్టులు వాడరాదు. ఎందుకు కాబట్టో అప్పుడు తెలిసింది. ఆ కాపలా పరికరం పసిగట్టేది వేగంగా కదిలే ఇనుమునే. చేత్తో తిప్పినప్పుడు రోలరు మెల్లగా తిరిగింది కాబట్టి షెడ్డులో దానికేమీ తెలియలేదు. చేలో బండి వేగం అందుకోవడానికి ఇరవై అంగలు పడుతుంది. వేగం రాగానే తన నోట్లోని బోల్టులే పరాయి ఇనుములా తోచి, బండి తనని తానే పట్టుకుంటోంది. అంటుకోకపోవడం ఆ మెరిసే బోల్టుల గుణం. ఆ గుణం చూసే మామ వాటిని తీసి పారేశాడు.

నేను పైకే చెప్పిన ఆ మాటలన్నీ మామ విన్నాడు. అత్త అయస్కాంతాన్ని సంచిలో వేసుకుని, నగలు బల్ల మీద నాలుగు మూలలా ఉన్నాయని, కాగితాలు చెదరకుండా తీయమని నాకు చెప్పింది. నేను ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఇంకో చేత్తో హ్యాండిలు పట్టి పాల సైకిలు తొక్కుకుంటూ ఇంటికి పోయి తెచ్చాను. దారిలో రెండుసార్లు పడ్డాను. తప్పు సైకిలుది.

నేను వచ్చేసరికి మామ నల్లవి విప్పి ఉంచాడు. మెరిసేవి బిగించాడు. ఇంకో వెంట్రుకవాసి అనలేదు. బండి కదిలింది. గట్టు మీద అందరూ లేచి నిలబడి అంగలు లెక్కపెట్టారు. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. ఇరవై దగ్గర ఎవరూ ఊపిరి తీయలేదు. ఇరవై ఒకటి. ముప్ఫై దాకా లెక్కపెట్టి అక్కడితో లెక్క వదిలేశారు. బండి వరస చివరిదాకా పోయి, తిరిగి, రెండో వరస పట్టింది. ఆకుపచ్చ ముక్కలు ట్రాలీ నిండి అంచుల మీంచి రాలాయి. పొద్దు ఇంకా చాలా ఉంది.

బండి తిరిగొచ్చి ఆగాక అమ్మగారు తడుముకుంటూ దగ్గరికి వచ్చి, ఇంతకీ ఏ ఇనుము వల్ల ఆగిందని అడిగారు. పాలు పితికేవాళ్ళలో ఒకడు తిండి దగ్గర నుంచి లేచి వచ్చేటప్పుడు మట్టిలోంచి తుప్పు పట్టిన నాగలి కర్రు ముక్క పీకి తెచ్చాడు. అరచేయంత ఉంది. వాడు దాన్ని పైకెత్తి ఇదేనేమో అన్నాడు. అందరూ కర్రును చూశారు, తరవాత మామను చూశారు. అంత మంచి దొంగ ఆయనకి జన్మలో దొరకడు. అవునని తల ఊపితే చాలు. నేను చూసింది ఎవరికీ చెప్పను. అత్త అసలే చెప్పదు. ఆమె అప్పటికే క్యారేజీని గట్టు మీదికి తెచ్చుకుని, అటు తిరిగి గిన్నెలు సర్దుకుంటోంది.

మామ కర్రును చూశాడు. తల ఊపబోయాడు కూడా, గడ్డం సగం దాకా కిందికి దిగింది. అంతలో ఆయన చూపు అమ్మగారి మీద పడింది. ఆవిడ కళ్ళద్దాలు లేక, మామ నిలబడ్డ చోటు కాక పక్కన ఉన్న ట్రాలీ చక్రం వైపు మర్యాదగా చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. మామ గడ్డం అక్కడే ఆగింది.

ఆయన వెళ్ళి బకెట్టు తెచ్చి మధ్యలో పెట్టాడు. ఎవరి వస్తువు వాళ్ళకి తన చేత్తోనే ఇవ్వడం మొదలుపెట్టాడు. బెల్టులు, గడియారాలు, జడపిన్నులు. ఏ పిన్ను ఎవరిదో కూడా ఆయనకి గుర్తుంది. చివర అమ్మగారి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. ఆవిడ పెట్టుకుని మొదట చూసింది బకెట్టు అడుగునే. అక్కడ నాలుగు నల్ల బోల్టులు మిగిలాయి.

"ఇవెవరివి?" అన్నారు అమ్మగారు.

మామ వంగి వాటిని అరచేతిలోకి తీసుకున్నాడు.

"నావి," అన్నాడు. "ఆ రోలరుకి వీటిని బిగించింది నేనే. చేలో ఏమీ లేదు. పొద్దుటి నుంచి మిమ్మల్నందరినీ తిప్పలు పెట్టింది నేను. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. నిజానికి ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆయన నోట ఆ మాట వినడం అలవాటు లేక అదేదో బండి భాగం పేరనుకున్నారేమో. గిన్నెలు సర్దుతున్న అత్త చెయ్యి ఆగింది. ఆమె వెనక్కి తిరగకుండానే నాతో, ఒరేయ్, ఈ రోజు తేదీ ఎక్కడైనా రాసి పెట్టు అంది. నా జేబులో కాగితమేదీ లేక బండి పుస్తకంలోనే రాశాను. నలభై ఒకటో పేజీ పైన, కాబట్టి అనే మాటకి ముందు చోటుంది.

అమ్మగారు మామ మొలకున్న తాళాల గుత్తి వైపు చెయ్యి చాపారు. మామ విప్పి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. పొద్దున్న అన్ని ఇనుములూ బకెట్లో వేయించినప్పుడు ఈ గుత్తి ఎందుకు వెయ్యలేదని అడిగారు. ఆ సంగతి ఆయనకి అప్పటిదాకా తట్టనే లేదు. మాకూ తట్టలేదు. అది ఇనుమని కాదు, ఆయన ఒంట్లో ఒక భాగమనే అందరం అనుకున్నాం.

ఆవిడ గుత్తి వెనక్కి ఇచ్చేశారు. చూపుడువేలు ఎత్తి మూడే మాటలు చెప్పారు. "అయస్కాంతం మీ ఆవిడ దగ్గరే ఉండాలి. పుస్తకం మీ మేనల్లుడి దగ్గర ఉండాలి. సందు కొలవడానికి వేరే కాగితం నేను కొనిపెడతాను." కంపెనీ మనిషి ఊసు ఎత్తలేదు. మామ గుత్తి మొలకి కట్టుకున్నాడు. ఆయన రెండు అడుగులు వేసేసరికి ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది, వినడానికి నాకు ఎందుకో హాయిగా ఉంది. నాకు హాయి కలగడం చాలా అరుదు.

పనిలోకి దిగబోతుంటే స్టీలుపన్ను మామ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి బిగపట్టిన పెదవులు తెల్లబడి ఉన్నాయి. తిండి కూడా పెదవుల సందులోంచే తోసుకున్నట్టున్నాడు. రెండు చేతులతో తన నోటిని చూపించి, వేళ్ళతో తెరుచుకున్నట్టు సైగ చేసి, కనుబొమలు ఎగరేశాడు.

మామకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడి మొహం, బండి, మళ్ళీ వాడి మొహం చూశాడు. తప్పు ఒప్పుకోవడం ఒక రోజుకి ఒకసారి చాలునని ఆయన మొహమే చెబుతోంది.

"తెరువు," అన్నాడు చివరికి. "అయితే బండికి కాస్త దూరంగా."